చౌక యంత్రాలు, ఖరీదైన శ్రమ: బేయోవుల్ఫ్ క్లస్టర్ల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బజారులో దొరికే మామూలు పర్సనల్ కంప్యూటర్లను నెట్‌వర్క్‌తో కలిపి, వాటిచేత ఒకే పెద్ద లెక్కను చేయించే పద్ధతి 1994లో అమెరికాలోని నాసా గొడార్డ్ అంతరిక్ష కేంద్రంలో ఒక స్పష్టమైన రూపం పొందింది. దానికి 'బేయోవుల్ఫ్ క్లస్టర్' అని పేరు వచ్చింది. ఈ పరిణామానికి చిప్పుల ధర తగ్గడమే కారణమని సాధారణంగా చెబుతారు. చౌక ప్రాసెసర్లతో సమాంతర యంత్రాలు కట్టే ప్రయత్నాలు అంతకుముందే, భారతదేశంతో సహా, అనేక చోట్ల జరిగాయి. అందువల్ల ధర ఒక్కటే కారణం కాజాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అందరూ అంగీకరించిన సందేశప్రసార ప్రమాణం అనే రెండు ఉమ్మడి వనరులు ఈ మార్పుకు అసలు ఆధారాలని, యంత్రం ధర తగ్గినచోట మనిషి శ్రమ పెరిగిందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: సమాంతర గణన, క్లస్టర్, బేయోవుల్ఫ్, లినక్స్, ఎం.పి.ఐ., పరమ్, సూపర్ కంప్యూటర్.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్రను రాసేటప్పుడు యంత్రాన్ని కథానాయకుణ్ణి చేయడం పరిపాటి. ఏ సంవత్సరంలో ఏ యంత్రం వచ్చింది, దాని వేగమెంత, ధర ఎంత అనే వివరాలతో చరిత్ర పూర్తయినట్లు భావిస్తాం. సమాంతర గణన చరిత్ర విషయంలో ఈ పద్ధతి సరిపోదు. 1994లో గొడార్డ్‌లో కూర్చిన యంత్రంలో కొత్తగా కనిపెట్టిన భాగమంటూ దాదాపు ఏదీ లేదు. ప్రాసెసర్ పాతదే, నెట్‌వర్క్ తీగ పాతదే, సమాంతర గణన అనే భావన అంతకంటే పాతది. అయినప్పటికీ పదేళ్ల వ్యవధిలో ప్రపంచపు అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితాలో సగానికి పైగా క్లస్టర్లే నిండాయి. కొత్త భాగమేదీ లేని యంత్రం ఇంతటి మార్పును ఎలా తెచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ వ్యాస లక్ష్యం.

2. మహాయంత్రాల యుగం

1976లో సేమూర్ క్రే రూపొందించిన క్రే-1 యంత్రం లాస్ ఆలమోస్ ప్రయోగశాలకు చేరింది. సెకనుకు గరిష్ఠంగా 16 కోట్ల దశాంశ లెక్కలు, అంటే 160 మెగాఫ్లాప్‌ల వేగం దానికి ఉండేది. ధర 80 లక్షల డాలర్లకు పైమాటే. ఆ తరువాత దాదాపు 15 ఏళ్లపాటు సూపర్ కంప్యూటర్ అంటే ఇటువంటిదే: అతివేగంగా పనిచేసే కొద్దిపాటి ప్రాసెసర్లు, వాటికోసమే తయారైన జ్ఞాపకాలు, ప్రత్యేక శీతలీకరణ, తయారీదారే రాసిన సాఫ్ట్‌వేర్. కొనుగోలుదారుకు యంత్రం ఒక మూసిన పెట్టెగా అందేది.

1980ల్లో రెండవ మార్గం ఒకటి ఏర్పడింది. ఒక మహావేగ ప్రాసెసర్‌కు బదులు వందలాది చిన్న ప్రాసెసర్లను కలిపితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో థింకింగ్ మెషీన్స్, కెండాల్ స్క్వేర్ రీసెర్చ్, ఇంటెల్ వంటి సంస్థలు సమాంతర యంత్రాలను తయారుచేశాయి. ఆ యంత్రాలు వేగవంతమైనవే. కానీ వాటి నెట్‌వర్క్, ఆపరేటింగ్ సిస్టం, ప్రోగ్రామింగ్ పద్ధతి ఒక్కో సంస్థకు ఒక్కో రకంగా ఉండేవి. ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రామును మరో యంత్రానికి మార్చాలంటే చాలా భాగం తిరగరాయవలసి వచ్చేది. పైగా ఈ సంస్థలకు ప్రధాన కొనుగోలుదారులు ప్రభుత్వ ప్రయోగశాలలే. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఆ మార్కెట్ కుంచించుకుపోయింది. థింకింగ్ మెషీన్స్ 1994 ఆగస్టులోనూ, సేమూర్ క్రే స్వయంగా స్థాపించిన క్రే కంప్యూటర్ కార్పొరేషన్ 1995 మార్చిలోనూ దివాలా రక్షణ కోరాయి. తయారీదారు మూతపడితే ఆ యంత్రంపై పరిశోధకుడు ఏళ్ల తరబడి రాసిన ప్రోగ్రాములు కూడా అనాథలవుతాయన్న సంగతి అప్పుడు అనుభవంలోకి వచ్చింది.

3. భారతదేశం: నిరాకరణ, ప్రత్యామ్నాయం

మూసిన పెట్టె సమస్య భారతదేశానికి మరింత తీవ్రంగా ఎదురైంది. వాతావరణ పరిశోధన కోసం భారత ప్రభుత్వం క్రే ఎక్స్-ఎం.పి. 24 యంత్రాన్ని కోరగా, అమెరికా అంతకంటే తక్కువ శక్తి గల ఎక్స్-ఎం.పి. 14కు మాత్రమే అనుమతినిచ్చింది. అణు, క్షిపణి కార్యక్రమాలకు ఉపయోగపడుతుందన్న అనుమానమే ఇందుకు కారణం. డబ్బు చెల్లించడానికి సిద్ధపడినా యంత్రం దొరకని స్థితి అది.

ఈ నేపథ్యంలో దేశంలోని పలు సంస్థలు సమాంతర గణన వైపు మళ్లాయి. బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీ 1986లోనే ఫ్లోసాల్వర్ అనే సమాంతర యంత్రాన్ని నిర్మించింది. అందులో వాడినవి పర్సనల్ కంప్యూటర్ల కుటుంబానికే చెందిన ఇంటెల్ 8086, 8087 చిప్పులు. 1988లో పూణేలో సి-డాక్ ఏర్పడింది. విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991లో పరమ్ 8000 సిద్ధమైంది. దానిలో బ్రిటన్‌కు చెందిన ఇన్‌మోస్ సంస్థ తయారుచేసిన ట్రాన్స్‌ప్యూటర్లు ఉండేవి. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం అనుపమ్ శ్రేణిని ప్రారంభించింది. హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అనురాగ్ ప్రయోగశాల మోటరోలా ప్రాసెసర్లతో పేస్ అనే యంత్రాన్ని రూపొందించింది. విమానాలు, క్షిపణుల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కించడం దాని ప్రధాన ప్రయోజనం. తెలుగు నేలపై జరిగిన సమాంతర గణన ప్రయత్నాల్లో ఇది తొలితరానికి చెందినది.

ఈ ప్రయత్నాలను కేవలం జాతీయ గర్వకారణంగా చెప్పి ముగించడం చరిత్రకు న్యాయం కాదు. ఇవి మనకొక ముఖ్యమైన సాక్ష్యాన్ని ఇస్తున్నాయి. చౌక చిప్పులే కారణమైతే క్లస్టర్ విప్లవం 1986లోనే బెంగళూరులో మొదలుకావలసింది. అలా జరగలేదు. ఎందుకంటే ఫ్లోసాల్వర్ గానీ, పేస్ గానీ, పరమ్ గానీ చిప్పును మాత్రమే బయటినుంచి తీసుకున్నాయి. బోర్డులు, వాటిని కలిపే అనుసంధానం, ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్ తదితరాలను ఆయా బృందాలే చాలావరకు స్వయంగా సమకూర్చుకోవలసి వచ్చింది. ఒక బృందం శ్రమ మరో బృందానికి నేరుగా ఉపయోగపడలేదు. ఆపై, ఇన్‌మోస్ తరువాతి తరం ట్రాన్స్‌ప్యూటర్ టి-9000 ఏళ్ల తరబడి ఆలస్యమై, ఆశించిన వేగాన్ని అందుకోలేకపోయింది. సి-డాక్ తన తరువాతి యంత్రాలకు వేరే ప్రాసెసర్లను ఎంచుకోవలసి వచ్చింది. ఒక దేశపు నిరాకరణనుంచి బయటపడి మరో దేశంలోని ఒక సంస్థ భవిష్యత్తుపై ఆధారపడవలసిన పరిస్థితి ఏర్పడిందన్నమాట.

4. బేయోవుల్ఫ్‌కు ముందు సిద్ధమైన దారులు

1989లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో పి.వి.ఎం. అనే సాఫ్ట్‌వేర్ రూపకల్పన మొదలైంది. ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన వైదీ సుందరం, ఓక్ రిడ్జ్‌కు చెందిన ఆల్ గైస్ట్ దీనికి ఆద్యులు. నెట్‌వర్క్‌లో ఉన్న వేర్వేరు రకాల కంప్యూటర్లను ఒకే ఊహాయంత్రంగా ప్రోగ్రామర్‌కు చూపించడం దాని పని. 1991లో అది అందరికీ ఉచితంగా విడుదలైంది.

1992 ఏప్రిల్‌లో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో జరిగిన ఒక సమావేశం మరింత ముఖ్యమైనది. సమాంతర యంత్రాల తయారీదారులు, ప్రయోగశాలల పరిశోధకులు, విశ్వవిద్యాలయాల ఆచార్యులు కలిసి, ఒక ప్రాసెసర్ మరో ప్రాసెసర్‌కు సందేశం పంపే పద్ధతికి ఉమ్మడి ప్రమాణం ఉండాలని చర్చించారు. ఆ చర్చల ఫలితమైన ఎం.పి.ఐ. ప్రమాణం మొదటి రూపం 1994లో వెలువడింది. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల ఆ ప్రమాణాన్ని అనుసరించే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకునేలా అందుబాటులో ఉంచింది. ఒకసారి ఎం.పి.ఐ.లో రాసిన ప్రోగ్రాము కోట్ల డాలర్ల యంత్రం మీదా, నాలుగు పర్సనల్ కంప్యూటర్ల మీదా కూడా నడుస్తుంది. ప్రోగ్రాము ఆయుష్షు యంత్రం ఆయుష్షునుంచి విడిపోవడం అక్కడే మొదలైంది.

రెండవ ఉమ్మడి వనరు లినక్స్. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ ఆపరేటింగ్ సిస్టం 1994 మార్చిలో 1.0 సంచికగా విడుదలైంది. అది ఉచితం కావడం ఒక ఎత్తు. దాని మూలపాఠం తెరిచి ఉండటం మరో ఎత్తు. నెట్‌వర్క్ కార్డు సరిగా పనిచేయకపోతే తయారీదారుకు ఉత్తరం రాసి ఎదురుచూడనక్కరలేదు. తెలిసినవారు స్వయంగా సరిచేసుకోవచ్చు.

ఇదే కాలంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో డేవిడ్ కల్లర్, టామస్ ఆండర్సన్, డేవిడ్ ప్యాటర్సన్ తదితరులు వర్క్‌స్టేషన్ల నెట్‌వర్క్ అనే పథకాన్ని చేపట్టారు. అయితే వారు ఎంచుకున్నది పర్సనల్ కంప్యూటర్లను కాదు. అంతకంటే ఖరీదైన సన్ వర్క్‌స్టేషన్లను, అతివేగవంతమైన ప్రత్యేక నెట్‌వర్క్‌ను వారు వాడారు. క్లస్టర్ అనే భావన గొడార్డ్ బృందానికే పరిమితం కాదని, ఆ కాలపు ఉమ్మడి ఆలోచన అని దీనివల్ల తెలుస్తుంది.

5. 1994: వైగ్లాఫ్ నిర్మాణం

నాసాలో భూ, అంతరిక్ష విజ్ఞానాల పథకం ఒకటి నడుస్తుండేది. ఉపగ్రహాల నుంచి వచ్చే విస్తారమైన సమాచారాన్నీ, అనుకరణల ఫలితాలనూ పరిశీలించడానికి ఒక్కో శాస్త్రవేత్తకు తనదైన శక్తిమంతమైన యంత్రం కావలసి వచ్చింది. సుమారు 50 వేల డాలర్లకు మించకుండా ఒక గిగాఫ్లాప్, అంటే సెకనుకు వంద కోట్ల లెక్కల వేగం సాధించాలన్నది లక్ష్యం. టామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ ఈ పనికి పూనుకున్నారు.

1994లో వారు కూర్చిన యంత్రంలో 100 మెగాహెర్ట్జ్ వేగం గల 16 ఇంటెల్ 486 కంప్యూటర్లు ఉన్నాయి. ప్రతి యంత్రానికీ 16 మెగాబైట్ల జ్ఞాపకం, సొంత డిస్కు ఉన్నాయి. వాటిని కలిపింది ఆ రోజుల్లో కార్యాలయాల్లో వాడే 10 మెగాబిట్ల ఈథర్‌నెట్. అది చాలా నెమ్మది కాబట్టి ప్రతి యంత్రాన్నీ రెండు ఈథర్‌నెట్‌లకు అనుసంధానించి, సందేశాలను రెండింటి మీదుగా పంచి పంపే ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటుకు లినక్స్ అంతర్భాగంలోనే మార్పులు చేయవలసి వచ్చింది. లినక్స్‌కు అనేక ఈథర్‌నెట్ కార్డుల డ్రైవర్లను రాసినవాడు బెకరే. మూలపాఠం తెరిచి లేకపోతే ఈ మార్పు సాధ్యమయ్యేది కాదు. పైగా బెకర్ రాసిన డ్రైవర్లు గొడార్డ్ గోడల మధ్య ఉండిపోక, ప్రపంచంలోని లినక్స్ వాడుకరులందరికీ చేరాయి. క్లస్టర్ అవసరం కోసం జరిగిన శ్రమ ఉమ్మడి వనరుగా మారడానికి ఇది ఒక ఉదాహరణ.

పథకానికి పెట్టిన పేరు బేయోవుల్ఫ్. ప్రాచీన ఆంగ్ల వీరకావ్యంలోని ఆ నాయకుడికి ఒక్క చేతిపట్టులో 30 మంది మనుషుల బలం ఉంటుంది. మొదటి యంత్రానికి పెట్టిన పేరు వైగ్లాఫ్. ఆ కావ్యంలో మిగతా అనుచరులు పారిపోయినా నాయకుడి పక్కన నిలిచిన ఒకే ఒక్క యువకుడు అతడు.

వైగ్లాఫ్ వేగం గిగాఫ్లాప్ లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోయింది. ఆ లక్ష్యం అందుకోవడానికి మరో రెండేళ్లు పట్టింది. కాబట్టి 1994 ప్రాముఖ్యం వేగంలో లేదు. కొత్త ప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చినప్పుడల్లా పాత పెట్టె తీసి కొత్త పెట్టె పెట్టవచ్చు. ప్రోగ్రాము మాత్రం అలాగే ఉంటుంది. ఆ వెసులుబాటులోనే 1994 ప్రాముఖ్యం ఉంది.

6. పనితీరు, పరిమితి

ఒక ఉదాహరణతో ఈ యంత్రం పనితీరును అర్థం చేసుకోవచ్చు. ఒక ప్రాంతపు వాతావరణాన్ని లెక్కించాలంటే ఆ ప్రాంతాన్ని గళ్లుగా విభజిస్తారు. 16 యంత్రాలుంటే గళ్ల పటాన్ని 16 ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో యంత్రానికి అప్పగిస్తారు. ముక్క లోపలి గళ్లను ఆ యంత్రం ఎవరినీ అడగకుండా లెక్కిస్తుంది. అంచున ఉన్న గడికి మాత్రం పక్క ముక్కలోని గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత తెలియాలి. పక్కపక్క పొలాల రైతులు తమ తమ పనులు తాము చేసుకుంటూ, గట్టు దగ్గరకు వచ్చేసరికి అవతలి మడిలో నీరెంత ఉందో అడిగి తెలుసుకున్నట్లుగా, ప్రతి అడుగు చివరా యంత్రాలు అంచుల సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే ఎం.పి.ఐ. సందేశం.

పొలం పెద్దదై గట్టు చిన్నదైతే పని వేగంగా సాగుతుంది. పొలాన్ని మరీ చిన్న మడులుగా చీలిస్తే రైతులు పనికంటే మాటలకే ఎక్కువ సమయం వెచ్చిస్తారు. చౌక ఈథర్‌నెట్‌లో ఒక్కో సందేశం చేరడానికి పట్టే సమయంలో ప్రాసెసర్ వేల లెక్కలు చేయగలదు. కాబట్టి తరచు మాట్లాడుకోవలసిన లెక్కలకు ఈ యంత్రం పనికిరాదు. అరుదుగా మాట్లాడుకునే లెక్కలకు అద్భుతంగా పనిచేస్తుంది.

మరో పరిమితిని జీన్ ఆమ్డాల్ 1967లోనే సూచించాడు. ఏ ప్రోగ్రాములోనైనా పంచుకోవడానికి వీలులేని కొంత భాగం ఉంటుంది. అది మొత్తంలో 5 శాతమే అనుకుందాం. 16 యంత్రాలు పెట్టినా వేగం 16 రెట్లు కాదు, సుమారు 9 రెట్లే పెరుగుతుంది. ఎన్ని వేల యంత్రాలు చేర్చినా 20 రెట్లు దాటదు. పెట్టెలు కొనడం సులభం. ఆ 5 శాతాన్ని 1 శాతానికి తగ్గించడం మాత్రం డబ్బుతో జరిగే పని కాదు. సమస్య తెలిసిన మనిషి కూర్చుని ఆలోచించి చేయవలసిన పని.

7. రుజువు: 1996 నుంచి 1998 వరకు

1996 నాటికి ఇంటెల్ పెంటియం ప్రో ప్రాసెసర్, 100 మెగాబిట్ల ఈథర్‌నెట్, చౌక స్విచ్చులు మార్కెట్లోకి వచ్చాయి. లాస్ ఆలమోస్‌లో మైకేల్ వారెన్ తదితరులు లోకి అనే యంత్రాన్ని, కాల్టెక్‌లో జాన్ సాల్మన్, స్టెర్లింగ్ తదితరులు హిగ్లాక్ అనే యంత్రాన్ని నిర్మించారు. ఒక్కోదానిలో 16 పెంటియం ప్రో కంప్యూటర్లున్నాయి. ఒక్కోదానికి ఖర్చు సుమారు 50 వేల డాలర్లు. రెండూ ఒక గిగాఫ్లాప్ దాటాయి. అదే ఏడాది పిట్స్‌బర్గ్‌లో జరిగిన సూపర్ కంప్యూటింగ్ మహాసభలో ఈ రెండింటినీ ఒకచోట కలిపి నడిపి, రెండు గిగాఫ్లాప్‌లకు పైగా వేగం చూపించారు. 1997లో ధరకు తగిన పనితీరు విభాగంలో గార్డన్ బెల్ బహుమతి ఈ బృందానికి లభించింది. మెగాఫ్లాప్‌కు 50 డాలర్లు అన్నది వారు చూపిన లెక్క. క్రే-1 నాటి ధరను అదే విధంగా లెక్కిస్తే మెగాఫ్లాప్‌కు 50 వేల డాలర్లకు పైగా అవుతుంది. 20 ఏళ్లలో వెయ్యి రెట్ల తేడా వచ్చిందన్నమాట.

1998లో లాస్ ఆలమోస్‌లోనే డెక్ ఆల్ఫా ప్రాసెసర్లతో నిర్మించిన ఆవలాన్ క్లస్టర్ ప్రపంచ 500 జాబితాలో చేరింది. అదే ఏడాది క్లస్టర్ నిర్మాణానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను ఒక సీడీగా కూర్చి ఎక్స్‌ట్రీమ్ లినక్స్ పేరుతో విడుదల చేశారు. 1999లో స్టెర్లింగ్, సాల్మన్, బెకర్, సావరీస్ కలిసి రాసిన నిర్మాణ గ్రంథాన్ని ఎం.ఐ.టి. ప్రెస్ ప్రచురించింది. అంతకుముందు సూపర్ కంప్యూటర్‌ను కొనడానికి టెండరు పత్రం కావాలి. ఆ తరువాత కట్టుకోవడానికి ఒక పుస్తకం చాలు.

8. ఖర్చులేని యంత్రం

ఈ చరిత్రలో ఓక్ రిడ్జ్‌లో జరిగిన ప్రయోగానికి ప్రత్యేక స్థానం ఉంది. విలియమ్ హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అనే పరిశోధకులు 1996లో అమెరికా పర్యావరణ మండలాల పటాన్ని తయారుచేయాలనుకున్నారు. దేశాన్ని ఒక్కో చదరపు కిలోమీటరు గళ్లుగా విభజిస్తే 78 లక్షల గళ్లు వచ్చాయి. ఒక్కో గడికి ఉష్ణోగ్రత, వర్షపాతం, నేల స్వభావం వంటి 25 వరకు అంశాలను పోల్చాలి. ఒక్క కంప్యూటర్‌కు సాధ్యమయ్యే పని కాదది. కొత్త యంత్రాలు కొనే అవకాశం లేక, ప్రయోగశాలలో పక్కన పడేసిన పాత 486 కంప్యూటర్లను పోగుచేశారు. కొత్తగా దొరికిన పెంటియంలను తరువాత చేర్చారు. 2001 నాటికి ఆ క్లస్టర్‌లో వందకు పైగా యంత్రాలున్నాయి.

దానికి వారు పెట్టిన పేరు యూరప్ జానపద కథలోని రాతి చారును గుర్తుచేస్తుంది. ఒక బాటసారి కుండలో రాయి వేసి చారు కాస్తున్నానంటే ఊరివాళ్లు తలా ఒక కూరగాయ తెచ్చి వేస్తారు. చివరికి అందరికీ సరిపడా మంచి చారు తయారవుతుంది. ఈ యంత్రంలో రాయి స్థానం లినక్స్, సందేశప్రసార సాఫ్ట్‌వేర్‌లది. వేర్వేరు వేగాల యంత్రాలను కలిపి నడపడంలో ఒక చిక్కుంది. అందరికీ సమానంగా పని పంచితే నెమ్మది యంత్రం కోసం వేగవంతమైన యంత్రం ఎదురుచూస్తూ కూర్చోవాలి. అందువల్ల ఒక యంత్రం పెత్తనం వహించి, పని ముగించుకున్న యంత్రానికి మరో వంతు పని అందించేలా ప్రోగ్రాము రాశారు. అటకెక్కిన యంత్రాలు తిరిగి శాస్త్ర పరికరాలయ్యాయి. అయితే వాటికి విలువ తెచ్చినది ఆ ఇద్దరు పరిశోధకులు రాసిన ప్రోగ్రామేనన్నది గమనార్హం.

9. క్లస్టర్లు, ఆంక్షలు, భారతదేశం

1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు మరింత విస్తరించాయి. రక్షణ, అణు పరిశోధన సంస్థలు అనేకం నిషిద్ధ జాబితాలో చేరాయి. అయితే అప్పటికి పరిస్థితి 1980ల నాటిది కాదు. సూపర్ కంప్యూటర్ అనేది ఓడలో వచ్చే ఒకే పెద్ద పెట్టె అయినంతకాలం దాన్ని రేవులో ఆపవచ్చు. ప్రతి ఊళ్లోనూ అమ్మే కంప్యూటర్ల సమాహారమే సూపర్ కంప్యూటర్ అయినప్పుడు ఆపడానికి నిర్దిష్టమైన వస్తువంటూ ఉండదు. యంత్రపు వేగాన్ని కొలిచి ఎగుమతిని నియంత్రించే పద్ధతికి క్లస్టర్లు ఆధారం లేకుండా చేశాయి.

సి-డాక్ 1998లో పూర్తిచేసిన పరమ్ 10000, సన్ సంస్థ అల్ట్రాస్పార్క్ సర్వర్లను కలిపిన క్లస్టర్. చెన్నైలోని గణితశాస్త్ర సంస్థ 2004లో కబ్రు అనే క్లస్టర్‌ను నిర్మించింది. రెండేసి ఇంటెల్ జియాన్ ప్రాసెసర్లున్న 144 యంత్రాలను త్రిమితీయ నెట్‌వర్క్‌తో కలిపి, లినక్స్ మీద నడిపారు. క్వార్కుల భౌతికశాస్త్రానికి చెందిన లెక్కల కోసం రూపొందిన ఆ యంత్రం ఒక టెరాఫ్లాప్‌కు చేరువైన వేగంతో ప్రపంచ 500 జాబితాలో చోటు సంపాదించింది. ప్రభుత్వం ప్రత్యేకంగా స్థాపించిన కంప్యూటర్ తయారీ కేంద్రం కాకుండా, తమ లెక్కకోసం తామే యంత్రం కూర్చుకున్న సైద్ధాంతిక భౌతికశాస్త్రజ్ఞుల సంస్థ దీన్ని సాధించింది. 2007 నవంబరులో పూణేలోని టాటా సంస్థల పరిశోధన విభాగం నిర్మించిన ఏక క్లస్టర్ ప్రపంచంలో 4వ స్థానం పొందింది.

క్లస్టర్ శాఖోపశాఖలుగా విస్తరించి, పర్సనల్ కంప్యూటర్ రూపాన్ని చాలావరకు వదిలేసింది. మామూలు ఈథర్‌నెట్ స్థానంలో వేగవంతమైన అనుసంధానాలు వచ్చాయి. అయినా రెండు విషయాలు మారలేదు. 2017 నవంబరు నుంచి ప్రపంచ 500 జాబితాలోని యంత్రాలన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. వాటిపై నడిచే శాస్త్రీయ ప్రోగ్రాముల్లో ఎం.పి.ఐ. ఇప్పటికీ ప్రధాన భాష. పెట్టెలు పోయాయి, ఉమ్మడి వనరులు మిగిలాయి.

10. చౌక అనే మాటకు అర్థం

బేయోవుల్ఫ్‌ను చౌక యంత్రమని పిలవడం కొనుగోలు బిల్లు వరకే నిజం. క్రే యంత్రంతోపాటు దాన్ని చూసుకునే ఇంజనీర్లు, పరీక్షించిన సాఫ్ట్‌వేర్, తయారీదారు బాధ్యత కూడా వచ్చేవి. క్లస్టర్ కట్టుకున్నవారికి అవేవీ రావు. 16 యంత్రాల్లో ఒకటి ఆగిపోతే లెక్కంతా ఆగిపోతుంది. విద్యుత్తు, గది చల్లదనం, డిస్కుల మార్పిడి, సాఫ్ట్‌వేర్ నవీకరణ ఎవరో ఒకరు చూసుకోవాలి. విశ్వవిద్యాలయాల్లో ఆ 'ఎవరో ఒకరు' సాధారణంగా పరిశోధక విద్యార్థి. అతని సమయానికి బిల్లు ఉండదు కాబట్టి అది ఖర్చుగా లెక్కకు రాదు. అతడు పట్టా పుచ్చుకుని వెళ్లిన రోజున క్లస్టర్ తాళం వేసిన గదిగా మారే ప్రమాదం ఉంది.

అయితే ఇదే విషయానికి మరో పార్శ్వం ఉంది. ఆ శ్రమలో విద్యార్థి నేర్చుకున్నది అతనితోనే వెళుతుంది. మూసిన పెట్టె వాడినవాడు వాడకం మాత్రమే నేర్చుకుంటాడు. కట్టినవాడు యంత్రాన్నే నేర్చుకుంటాడు. 1990ల్లో ఒక బృందం యంత్రం కట్టడానికి పడిన శ్రమ ఆ యంత్రంతోనే అంతరించేది. లినక్స్, ఎం.పి.ఐ.ల మీద పడిన శ్రమ మాత్రం తరువాతివారికి పెట్టుబడి అయింది. ఫ్లోసాల్వర్, పేస్ నిర్మాతలకు లేనిది ప్రతిభ కాదు, తమ శ్రమను చేర్చుకుని పెంచే ఇటువంటి ఉమ్మడి ఖజానా.

11. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు నిర్ధారణలకు రావచ్చు. ఒకటి: చౌక ప్రాసెసర్ క్లస్టర్‌కు అవసరమైన షరతే గాని చాలినంత షరతు కాదు. 1986 నుంచి భారతదేశంలో జరిగిన నిర్మాణాలే ఇందుకు సాక్ష్యం. రెండు: తెరిచిన మూలపాఠం గల ఆపరేటింగ్ సిస్టం, ఉమ్మడి సందేశప్రసార ప్రమాణం 1994 ప్రాంతంలో ఒకేసారి పక్వానికి రావడం వల్లనే బేయోవుల్ఫ్ ఒక ప్రయోగంగా మిగిలిపోక పద్ధతిగా మారింది. మూడు: యంత్రం ధరలో తగ్గిన భారం మనిషి శ్రమగా మారింది, ఆ శ్రమ ఉమ్మడి వనరులో చేరినచోట సమాజానికి లాభమైంది, చేరనిచోట ఒక గదిలో ముగిసిపోయింది.

ఈ నిర్ధారణలు గతానికే పరిమితం కావు. నేడు భారీ గణనకు వాడుతున్న గ్రాఫిక్స్ ప్రాసెసర్ల రంగంలో ఒకే సంస్థ చిప్పులు, ఆ సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ ఆధిపత్యం వహిస్తున్నాయి. వాటి ఎగుమతులపై ఆంక్షలు మళ్లీ వార్తలవుతున్నాయి. కొత్త యంత్రం కోసం విశ్వవిద్యాలయాలు ప్రతిపాదనలు రాసేటప్పుడు వేగం, ధర అనే రెండు గడులతోపాటు మూడవ గడి కూడా ఉండాలి: ఈ యంత్రం మీద మన విద్యార్థులు రాసే ప్రోగ్రాము, ఈ యంత్రం పోయిన తరువాత కూడా బతుకుతుందా? 1991లో ట్రాన్స్‌ప్యూటర్ల ముందు కూర్చున్నవారికి ఆ ప్రశ్న వేసుకునే వీలు అంతగా లేదు. మనకుంది.